ఐదుసార్లు తప్పినావిడ

లుజెల్ చేతిలోంచి అన్నం పొట్లం జారి నేలపాలైంది.

ఎత్తుదామని వంగేసరికే మెతుకులన్నీ మట్టిలో కలిశాయి.

ఇలోయిలో పట్నంలోని ఆ బడి ఆవరణ నిండా టీచరు లైసెన్సు పరీక్ష రాసేవాళ్లే. పొద్దుటి పేపరు అయిపోయింది. ఇంకో నలభై నిమిషాల్లో రెండోది. పిల్లల మనసు గురించీ, చదువు చెప్పే తీరు గురించీ అడిగే పేపరది. ఇంతకుముందు రాసిన రెండుసార్లూ అందులోనే తప్పింది లుజెల్.

ఈసారీ తప్పితే కువైట్‌లో ఇంటిపనే గతి. పిన్ని కాగితాలన్నీ సిద్ధం చేసి కూర్చుంది.

ధైర్యం కోసం అందరూ చేసేవన్నీ తనూ చేసింది. పెన్సిళ్లమీద ఫాదరు చేత పవిత్రజలం చల్లించింది. లోపల ఎర్రబట్ట వేసుకుంది. చదివింది కొట్టుకుపోతుందని తలస్నానం మానేసింది. భయం మాత్రం వీటిలో దేనికీ లొంగలేదు.

“ఏం ఇందాయ్, అన్నం నేలతల్లికి పెట్టేశావా?”

అమ్మాయీ అన్నట్టు పిలిచింది బెంచీమీద పక్కనున్న ఎవరో నలభై దాటిన ఆవిడ. ఎండకు కమిలిన ముఖం. బూట్లకు ఆరిన బురద. తన పొట్లంలో సగం తీసి లుజెల్ ముందు పెట్టింది.

“గొంతు దిగదు మనాంగ్. అంతా మరిచిపోయాను. పిల్లల మనసు గురించి పియాజే ఏమన్నాడో, వైగాట్‌స్కీ ఏమన్నాడో, అంతా కలగాపులగం,” అంది లుజెల్, అక్కా అన్నట్టు పిలుస్తూ.

“వాళ్లెవరో నాకూ తెలీదులే. ఏమన్నారో అది చెప్పు.”

లుజెల్ కళ్లు మూసుకుని అప్పజెప్పింది. “చిన్నపిల్లలకు రూపం మారితే పరిమాణం కూడా మారినట్టు అనిపిస్తుంది. పియాజే.”

“ఓస్, మా టింటోయ్‌గాడు! ఒక్క బిస్కెట్టే ఇచ్చానని ఏడ్చాడు. దాన్నే విరిచి రెండు ముక్కలు చేసిస్తే, నాకు రెండొచ్చాయని ఊరంతా చాటాడు.”

లుజెల్‌కు నవ్వొచ్చింది. పొద్దుటినుంచి అదే మొదటిసారి.

“పెద్దవాళ్లు కాస్త ఆసరా ఇస్తే, పిల్లలు ఒంటరిగా చేయలేనిది చేస్తారు. వైగాట్‌స్కీ.”

“మా నెనెట్. వెదురు వంతెన దాటాలంటే దానికి హడల్. నా చిటికెనవేలు పట్టుకుంటే దాటేది. నేను మోసిందేం లేదు, వేలిచ్చానంతే. నాలుగోరోజు అదీ తీసేశా. దాటింది!”

“దెబ్బలకు భయపడి మాత్రమే బుద్ధిగా ఉండేది? కోల్‌బర్గ్.”

“మా ఊరి మగాళ్లు. పెళ్లాలు చూస్తున్నంతసేపే.”

ఇద్దరూ పకపకా నవ్వారు. లుజెల్‌కు తెలియకుండానే అన్నం లోపలికి పోయింది.

“ఇప్పుడు నీ వంతు ఇందాయ్,” ఆవిడ దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది. “నాకు పిల్లలు తెలుసు. పేర్లే రావు. పరీక్షలో పేర్లే అడుగుతారు. ఐదుసార్లు అక్కడే తప్పాను. ఆ పేర్లు నాకు కాస్త పట్టించవూ? ఈసారి నేను తప్పకూడదు.”

“అలాగే మనాంగ్...”

అంతలో ఆ మాట చెవినపడ్డ స్నేహితురాలు అర్లీన్ వచ్చి లుజెల్ జబ్బ పట్టుకుని పక్కకు లాగింది.

“ఐదుసార్లు తప్పిందా? ఆవిడ అన్నం తిన్నావా? నీకు మతిపోయిందా? అంటుకుంటుందే ఆ శని!”

లుజెల్ కళ్లముందు కువైట్ కాగితాలు కదిలాయి.

“బాత్రూముకి వెళ్లొస్తా మనాంగ్.”

“త్వరగా రా తల్లీ. ఇంకా ఇరవై నిమిషాలుంది.”

లుజెల్ తిరిగి ఆవిడ దగ్గరికి వెళ్లలేదు. గోడ చాటున నిలబడింది. ఒకసారి తొంగి చూసింది. తను కూర్చున్నచోట ఇంకెవరూ కూర్చోకుండా ఆవిడ చేతిరుమాలు పరిచి, దారివైపే చూస్తోంది. సిగ్గేసింది లుజెల్‌కు. సిగ్గుకంటే భయమే ఎక్కువైంది.

గంట మోగింది.

ప్రశ్నపత్రం తెరిస్తే ప్రతి ప్రశ్నలోనూ ఎవరో ఒక నెనెట్, ఎవరో ఒక టింటోయ్. లుజెల్ పెన్సిలు ఎక్కడా ఆగలేదు.

రెండు నెలలకు ఫలితాలొచ్చాయి. లుజెల్ గట్టెక్కింది. పిన్ని కాగితాలు పొయ్యిలోకి పోయాయి. బడులు తెరిచే నాటికి కొండమీది ఒక చిన్న బడిలో ఉద్యోగం కూడా వచ్చింది.

మొదటిరోజు కింది ఊరి హెడ్మాస్టరు దగ్గరుండి బడి చూపించాడు. ఒకే గది. ఇరవైఆరుమంది పిల్లలు. ఒక్కొక్కరే లేచి గడగడా చదువుతుంటే లుజెల్ ఆశ్చర్యపోయింది.

“ఇంత బాగా ఎవరు నేర్పారు సార్?”

హెడ్మాస్టరు గోడమీది ఫొటో చూపించాడు. చుట్టూ పిల్లలు, మధ్యలో ఎండకు కమిలిన ముఖంతో ఒకావిడ.

బెంచీమీద తనకు సగం అన్నం పెట్టిన ఆవిడే.

“మనాంగ్ సెలిన్. పన్నెండేళ్లు నడిపింది ఈ బడిని, ఊళ్లోవాళ్లు పోసే బియ్యమే జీతం. లైసెన్సే రాలేదు పాపం. ఎప్పుడూ ఆ రెండో పేపరే. ఈసారైతే ఒక్క మార్కులో పోయింది. పైవాళ్లు ఇచ్చిన ఆఖరి గడువూ అదే.”

“ఇప్పుడెక్కడున్నారు సార్?”

“లైసెన్సున్న టీచరొస్తే లేనివాళ్లు ఉండకూడదు కదా, రూలు. నిన్న గది కడిగి, పిల్లలను ముద్దుపెట్టుకుని వెళ్లిపోయింది. ఎక్కడికో చెప్పలేదు.”

పిల్లలు కొత్త టీచరు ముఖంలోకి చూస్తున్నారు. లుజెల్ తల ఎత్తలేకపోయింది.

హెడ్మాస్టరు హాజరుపట్టీ ఆమె చేతిలో పెట్టి, మామూలుగానే అన్నాడు. “ఆ ఒక్క మార్కు వచ్చుంటే మీకు ఇక్కడ చోటుండేది కాదు మేడమ్, ఈ ఉద్యోగం ఇన్నేళ్లూ ఆవిడ పాసవుతుందనే ఖాళీగా ఉంచాం.”