మర్చిపోయిన డైలాగు

సీరియల్లో అత్తగారికి ఆ ఒక్క డైలాగు మళ్లీ గుర్తురాలేదు.

"కట్," అన్నాడు డైరెక్టరు విసుగ్గా.

గయ్యాళి అత్త వేషాలు వేసీ వేసీ ఆవిడ సెట్లో అందరికీ అత్తగారే అయిపోయింది. పేజీల కొద్దీ డైలాగులు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే మనిషి. షాట్ అయ్యాక మాత్రం ఎవరితోనూ కలవదు. మూల కుర్చీలో ఒంటరిగా కూర్చుంటుంది.

కథలో ఆవిడ చిన్న కూతురు తన స్నేహితురాలిని ప్రేమించింది. ఆ సంగతి తెలిసి తల్లి కూతుర్ని గడప దాటించే సీను అది.

"నీలాంటిది నా కడుపున పుట్టకుండానే పోవాల్సింది," అనాలి.

అత్తగారు నోరు తెరిచేది. కూతురి వేషం వేసిన అమ్మాయి ముఖం చూసేది. ఆగిపోయేది.

ఆ డైలాగు రాసింది కొత్తగా చేరిన రైటరమ్మాయి. నిజానికి ఆ ప్రేమను ఎంతో ముచ్చటగా మొదలుపెట్టిందీ తనే. చూసేవాళ్లు తిట్టిపోస్తున్నారు, ఆ పిల్లకు బుద్ధి చెప్పి ముగించెయ్యమని చానల్ వాళ్లు పట్టుబట్టారు. ఎంత ఆలోచించినా ఆమెకు వేరే మాట తోచలేదు. చివరికి తను ఇల్లు విడిచి వచ్చేసిన రోజున సొంత తల్లి అన్న మాటే రాసిచ్చింది.

ఈ సంగతి సెట్లో ఎవరికీ తెలియదు. హాస్టల్ గదిలో చెప్పుకోవడానికి మనిషి లేదు.

మధ్యాహ్నం కూడా డైలాగు రాలేదు. కళ్లజోడు పెట్టుకుని కాగితం చూసుకోమన్నారు. చూసుకుంది. అయినా రాలేదు.

డైరెక్టరు రైటరమ్మాయిని పక్కకు పిలిచాడు. మాట మార్చడానికి వీలవుతుందా అని అడిగాడు. చానల్ ఒప్పుకున్న సీనులో వేలు పెడితే తన ఉద్యోగానికే ఎసరని ఆమెకు భయం వేసింది.

"మాటలో ఏముంది సార్? ఆవిడకు వయసైపోయింది," అంది.

మర్నాటికి వేరే అత్తగారు వచ్చింది. మొదటి టేకులోనే ఆ మాట ఖణేల్‌మని అనేసింది.

పాత అత్తగారికి మతిపోయిందన్న మాట స్టూడియోలన్నీ చుట్టింది. ఆ తర్వాత ఆవిడను ఎవరూ పిలవలేదు.

ఒకసారి వెళ్లి పలకరించాలని రైటరమ్మాయి చాలాసార్లు అనుకుంది. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియక ఆగిపోయింది.

ఒకనాడు టీవీలో చిన్న వార్త వచ్చింది. అత్తగారు పోయిందట. పెళ్లి చేసుకోలేదట. చెల్లెలు తప్ప నా అన్నవాళ్లు లేరట.

ఈసారి ఆగలేక వెళ్లింది.

నెరిసిన జుట్టు ముడి వేసుకున్న ఒకావిడ తలుపు తీసింది. రైటరమ్మాయి తనెవరో చెప్పి, అత్తగారికి మతిమరుపు ఎప్పటి నుంచి అని మెల్లగా అడిగింది.

"మతిమరుపా? ఆస్పత్రి మంచం మీద కూడా పాత నాటకాలు తడుముకోకుండా చెప్పి నర్సుల్ని నవ్వించేది."

"మరి ఆ ఒక్క డైలాగు..."

"అది తన నోట రాదంది. అననంటే ఎందుకని నిలదీస్తారు. మర్చిపోయానంటే జాలిపడి వదిలేస్తారు. అందుకని మర్చిపోయింది."

రైటరమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"వేషం వేసినప్పుడు ఎన్ని మాటలు అనలేదండీ ఆవిడ? మీ అక్కగారికి ఆ మాటే ఎందుకంత కష్టమైంది?"

తలుపు తీసినావిడ గదిలోని జంట మంచం వైపు చూసింది.

"అక్కాచెల్లెళ్లమంటే ఇల్లు అద్దెకిస్తారని వయసులో ఉన్నప్పుడు తనే అలా చెప్పిందమ్మా, ఇక తను పోయేదాకా మేమిద్దరం ఆ వేషం తీయలేకపోయాం."