కడిగిన చేతులు

“తాకొద్దు!”

గుమ్మంలోంచే కసిరాడు అల్తాఫ్. పరిగెత్తుకొచ్చిన తమన్నా, చాచిన చేతులు చాచినట్టే నిలబడిపోయింది. ఐదేళ్ల పిల్ల. నాయన ఎందుకు కసిరాడో దానికి తెలియదు. నిన్న చెప్పినా ఈరోజుకు గుర్తుండదు.

“పనికాడే నీళ్లు పోసుకొని గుడ్డలు మార్చుకొని వస్తివి గదయ్యా. ఇంకా ఏముంటాది అంటేదానికి?” వంటింట్లోంచి అంది సురయ్యా.

“ఏమీ లేకుంటే దాని నెత్తుర్లోకి సీసం యాడినించి వచ్చె?”

సురయ్యా వచ్చి బిడ్డను లోపలికి తీసుకుపోయింది.

అరబ్బు దేశంలో, సులై అనే పేటలో, పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డులో అల్తాఫ్ పని. లారీ బ్యాటరీలు విప్పి, లోపలి సీసం పలకలు వేరుచేసి కుప్ప పోయాలి. రాయచోటి పక్క పల్లె నుంచి పెళ్లికి ముందే వచ్చి అదే పనిలో నలిగిపోయాడు. పెళ్లయ్యాక, సెలవు రోజులు తప్పిస్తే, భార్యాబిడ్డలతో ఒక్క కప్పు కింద ఉన్నది ఈ ఏడే. విజిట్ వీసా మీద పిలిపించుకున్నాడు. ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. తమన్నాకు ఊరికే కడుపునొప్పి. అన్నం సయించదు. ‘ఆ’ దిద్దేసరికి ‘అ’ మరిచిపోతుంది. ఒకచోట కూర్చోదు.

ఆసుపత్రిలో నెత్తురు పరీక్ష చేశారు. డాక్టరు ఇంగ్లీషులో చెప్పినదాన్ని నర్సు సుజిత తెలుగులో చెప్పింది. ఆమెది భీమవరం వైపు.

“చిన్నతనంలో సీసం ఒంట్లోకి పోతే మెదడు ఎదుగుదలకి అడ్డం పడుతుందండీ. మాట, చదువు, నిలకడ, అన్నీ వెనకబడతాయి. మొండితనం అనుకుని కొట్టకండేం.”

సురయ్యా తల వంచుకుంది. పలక ముందు కూర్చోబెట్టి ఎన్ని దెబ్బలు వేసిందో ఆమెకు తెలుసు.

“మల్లా బాగవుతాదా మేడమ్?” అన్నాడు అల్తాఫ్.

“పోయిందంతా తిరిగి వస్తుందని చెప్పలేమండీ. ఎక్కణ్ణించి వస్తోందో అది ఆపేస్తే ఇంకా పాడవకుండా ఉంటుంది. దగ్గర కూర్చుని నేర్పిస్తే చాలావరకు అందుకుంటుంది. ఇంతకీ మీరేం పని చేస్తారు?”

చెప్పాడు. డాక్టరు తలెత్తి అతని చేతుల వంక చూశాడు. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. అడగడానికి ఏముంది అనిపించింది అల్తాఫ్‌కు కూడా.

సుజిత మాత్రం వరండాలోకి వెంట వచ్చింది. “దేనికైనా మంచిది, పాప చెయ్యి పడే సామాన్లు కాసిని కవర్లో వేసి తెచ్చివ్వండి. పరీక్షకి పంపిద్దాం.”

అల్తాఫ్ తన చొక్కా, చెప్పులు వేశాడు. సురయ్యా దిండు గలీబు, నీళ్ల సీసా, తమన్నా ఉత్తుత్తి వంట వండుకునే ఖాళీ సుర్మా డబ్బీ వేసింది.

“ఆట సామాన్లు ఏమిటికి?”

“చెయ్యి పడేవన్నీ అనె గదా ఆమె.”

కవరు ఇచ్చి వచ్చారు. జవాబు రాలేదు. జవాబుతో అల్తాఫ్‌కు పనీ లేదు, దొంగ తానేనని అతనికి తెలుసు.

“ఊర్లో ఉన్నప్పుడే దీనికి మాట నిదానం,” అంది సురయ్యా ఒక సాయంత్రం. “అప్పుడు నీ గుడ్డలు యాడుండె?”

“సెలవుకు వచ్చినప్పుడు పెట్టెలో తెచ్చింటి గదా. నన్ను దాచిపెట్టాలని చూడొద్దు.”

వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, వేరే పని ఇవ్వనన్నాడు. ఈ పని మానితే ఊర్లో పొయ్యి వెలగదు. మిగిలింది ఒకటే దారి. వాళ్లిద్దరినీ ఊరికి పంపించెయ్యాలి.

“మల్లా ఎప్పుడు?” అంది సురయ్యా.

“దానికి నేనెంత దూరముంటే అంత మేలు.”

అంతగా భయపడే మనిషి ఒక్కటి మాత్రం మానుకోలేదు. రోజూ సాయంత్రం మోచేతుల దాకా సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, ఉతికిన తువాలతో తుడుచుకుని, తమన్నాను ఎదురుగా కూర్చోబెట్టి కళ్లకు సుర్మా పెట్టేవాడు. బిడ్డ పుట్టినప్పుడు అతను ఇక్కడే ఉన్నాడు. ముఖం చూడలేదు, ఎత్తుకోలేదు. ఉమ్రా యాత్రకు పోయినప్పుడు బజార్లో సుర్మా కొని, ఊరికి పోయే మనిషితో పంపాడు. నలభయ్యో నాడు బిడ్డ కళ్లకు పెట్టింది అదే. ఆ తర్వాత ఎవరు ఊరికి పోయినా ఒక డబ్బీ. తన చెయ్యి పోలేని చోటికి అది పోయేది.

“కదలగాకు తల్లీ. దిష్టి పోతాది.”

“మండుతాంది నాయనా.”

“మండితేనే కండ్లు చల్లగుంటాయి.”

తమన్నా నవ్వేది. కళ్లు నులుముకుని, నల్లబడ్డ వేళ్లు నోట్లో పెట్టుకునేది. రోజు మొత్తానికి ఆ కాసేపే అతను తండ్రి.

విమానాశ్రయంలో కూడా ముందు నీళ్ల గదికి పోయి చేతులు కడుక్కొచ్చాడు. తమన్నా చేతులు చాచింది. ఎత్తుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని రెండు కళ్లకూ సుర్మా దిద్దాడు. తర్వాత జేబులోంచి కొత్త డబ్బీ తీసి సురయ్యా చేతిలో పెట్టాడు.

“ఒక్క పూట గూడా మానొద్దు. నేను పెట్టినట్టే అనుకుంటాది.”

సురయ్యా కొంగుతో ముఖం తుడుచుకుని, డబ్బీని బ్యాగు అడుగున భద్రంగా దాచింది. వాళ్లు గాజు తలుపు దాటి, మనుషుల్లో కలిసిపోయారు.

బయటికొచ్చి గట్టు మీద కూలబడ్డాడు అల్తాఫ్. ఎండ. అయినా మనసులో ఒక మూల తేలిక. బిడ్డ విషానికి దూరమైంది.

ఎప్పటికో విమానం ఒకటి తల మీదుగా పోయింది. అప్పుడు ఫోను మోగింది. సుజిత.

“అల్తాఫ్ గారూ, మీ సామాన్ల పరీక్ష వచ్చిందండీ. చొక్కాలో ఉన్నది బొత్తిగా తక్కువ, చెప్పుల్లోనూ అంతే. పాపకి ఎక్కింది వాటి నుంచి కాదంటున్నారు డాక్టరు గారు.”

“మల్లా యాడినించి మేడమ్?”

“ఆ సుర్మాలోంచండీ.”