గార్ల తొవ్వ

“అన్నా, నన్ను ఇడిసిపెట్టి పోకు.”

తొడలో తూటా దిగి యాకయ్య జొన్నచేలో పడిపోయాడు. కొడకండ్ల దాటగానే మిలిటరీ వాళ్లు దళాన్ని చుట్టుముట్టారు. యాకయ్యకు రెండడుగుల ముందు ఓదెలు ఉన్నాడు. ఆ పిలుపు విన్నాడు. విని కూడా పరుగెత్తాడు.

తూటాల మోత వినపడనంత దూరం వచ్చాక ఆగాడు. చేతిలో తుపాకి లేదు. ఎక్కడ పారేశాడో గుర్తు రాలేదు.

మిగిలిన దళం భూపాలపల్లి అడవుల్లోకి వెళ్తుందని అతనికి తెలుసు. అక్కడికి పోయి, యాకయ్య చనిపోయాడంటే అందరూ నమ్ముతారు. కానీ ఓదెలు గార్ల వైపు తిరిగాడు. యాకయ్య తల్లి సాలమ్మ ఉండేది అక్కడే.

రోజుల తరబడి ఒక్కడే నడిచాడు. మానుకోట దగ్గర ఒక ముసలామె దొరల మీద కొట్లాడే సంగపోడని గుర్తుపట్టి జొన్న గటక పెట్టింది.

“మా కోసం పానాలిడుస్తున్నరు. తిను బిడ్డా.”

ఎత్తిన ముద్దను ఓదెలు మళ్లీ గిన్నెలో పెట్టేశాడు. చావుకు భయపడొద్దని ఊరూరా మీటింగుల్లో చెప్పింది తనే. ఆ మాటలన్నీ ఎవరో చెప్పినట్టున్నాయి ఇప్పుడు. చేలో పరుగెత్తినవాడు మాత్రం అచ్చంగా తనే. ఆ తర్వాత ఊళ్లు తప్పించి, అడవి వెంబడే నడిచాడు.

గార్ల చేరేసరికి సాలమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. ఓదెలు ఆమె ముందు కూలబడ్డాడు.

“అవ్వా, నీ కొడుకును చేన్ల ఇడిసిపెట్టి ఉరికిన. పిలిచిండు. ఇనపడ్డది. అయినా ఉరికిన.”

సాలమ్మ తల ఎత్తలేదు.

“తిట్టవ్వా. కొట్టు.”

“లోపల ఉన్నడు. పో,” అంది నేల వైపు చూస్తూ.

ఓదెలు ఒక్క ఉదుటున లోపలికి వెళ్లాడు. నులక మంచంలో యాకయ్య. కాలికి కట్టు. చేతివేళ్లకు గోళ్లు లేవు.

“బతికినవా తమ్మీ.” ఓదెలుకు ఏడుపు ఆగలేదు. “నీ ముంగట నిలబడే మొకం లేదు నాకు.”

యాకయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

“ఎందుకొచ్చినవన్నా?”

“మీ అవ్వకు నా నోటితోనే చెప్పాల్ననిపించింది. చెప్పకుంట బతకలేనని ఎరుకైంది.”

వెనక తలుపు మూసుకుంది. బయట గొళ్లెం పడ్డ చప్పుడు.

“నువ్వు మంచోనివన్నా,” అన్నాడు యాకయ్య, గోడ వైపే చూస్తూ. “తప్పకుంట వస్తవని మిలిటరోళ్లకు నేనే చెప్పిన.”