పాత కంప్యూటర్, కొత్త మెకానిక్

ఎలక్ట్రీషియన్ పని ముగించుకుని తన ఇంటికొచ్చేసరికి టీపాయ్ మీద రెండు కాఫీ కప్పులున్నాయి.

"ఎవరొచ్చారు?" చెప్పులు విప్పుతూ అడిగాడు.

"కంప్యూటర్ మెకానిక్. ఇప్పుడే వెళ్లాడు. మెట్ల దగ్గర మీకు ఎదురుపడలేదూ?" అంది భార్య.

ఎవరూ ఎదురుపడలేదు.

ఆవిడ ఇంట్లోనే కూర్చుని ప్రెస్సువాళ్ల పుస్తకాలకి కంప్యూటర్లో పేజీలు కూరుస్తుంది. కంప్యూటర్ మాత్రం కూతురు బళ్లో చేరిననాటిది. ఆన్ చేసి, గిన్నెలన్నీ కడుక్కొచ్చినా తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఫొటోలున్న పేజీ తెరిచామా, ఇక బిగుసుకుపోయినట్టే. పని ఆలస్యమవుతోందని ప్రెస్సు యజమాని అప్పుడే ఒక పుస్తకం వేరేవాళ్లకి ఇచ్చేశాడు. కొత్తది కొనే స్తోమత లేదు.

"కాస్త విప్పి చూడండీ" అని ఆవిడ ఎన్నిసార్లు బతిమాలిందో. ఎవరింట్లో మోటారు మొరాయించినా పరిగెత్తే మనిషి, సొంతింటి పనికి మాత్రం ఒకటే మాట చెప్పేవాడు. "రేపు." కూతురు ఆయనకి 'రేపటి నాన్న' అని పేరే పెట్టేసింది.

"ఇంతకీ ఏమన్నాడు నీ మెకానిక్?"

"పారెయ్యక్కర్లేదన్నాడు. పాత హార్డ్ డిస్క్ తీసేసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టి, ఇంకో ర్యామ్ తగిలిస్తే చాలట. ర్యామ్ సెకండ్ హ్యాండ్‌దైనా పర్వాలేదట. ఎంత ఓపిగ్గా చెప్పాడనుకున్నారూ!"

ఆ 'ఓపిగ్గా' అన్నమాట ఆయనకి పంటికింద రాయిలా తగిలింది.

మర్నాడు భోజనాల దగ్గరా అదే ప్రస్తావన. ఆన్ చెయ్యగానే అక్కర్లేని ప్రోగ్రాములన్నీ వాటంతటవే లేచి కూర్చుంటున్నాయట. వాటిని ఆపెయ్యమన్నాడట.

"అలాగే చేశాను. అప్పుడే కాస్త నయం" అంది ఆవిడ. ఆవిడ ముఖంలో అంత వెలుగు చూసి చాలాకాలమైంది.

"పెళ్లయిందా?"

"ఎవరికి?"

"అదే... ఆ మెకానిక్కి."

"అడగలేదు. అడగమంటారా?"

తాగుతున్న నీళ్లు గొంతుకి అడ్డంపడ్డాయి.

ఆ వారమంతా ఆయన మనసు మనసులో లేదు. నిచ్చెనెక్కి ఫ్యాన్ బిగిస్తూ ఎర్రతీగె బదులు నల్లతీగె పట్టుకున్నాడు. పని మధ్యలో వదిలేసి రెండుసార్లు ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. రెండుసార్లూ ఆవిడ ఒక్కతే ఉంది. అద్దంలో తన పొట్ట చూసుకుని ఊపిరి బిగబట్టాడు. పెళ్లైన కొత్తలో ఆవిడ చదువుకుంటుందని మంచం పక్కకి దీపం చేసి ఇచ్చాడు. అప్పుడావిడ ఆ చేతుల్ని ఎలా చూసిందీ! ఇప్పుడు ఆ చూపు ఎవడో ఎత్తుకుపోతున్నాడు.

శుక్రవారం ఆవిడ మామూలుగా అంది. "ఎల్లుండి వచ్చి బిగిస్తానన్నాడండీ. నన్ను పక్కనే టార్చ్ పట్టుకు నిలబడమన్నాడు."

శనివారం ఆయన పాత సామాన్ల బజారంతా జల్లెడపట్టి, గిట్టుబాటు ధరకి ఎస్ఎస్‌డీ, ర్యామ్ కొనుక్కొచ్చాడు. ఆదివారం కాఫీ అయినా తాగకుండా కంప్యూటర్ విప్పేశాడు. లోపల ఫ్యాన్‌కి దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. బ్రష్‌తో దులిపాడు. ఫోన్‌లో వీడియో చూస్తూ, పాత డిస్కులోదంతా కొత్తదాన్లోకి ఎక్కించాడు. ర్యామ్ మొదట పట్టలేదు. కంప్యూటర్ కుయ్ కుయ్‌మంది. తీసి, దాని అంచుని రబ్బరుతో రుద్ది మళ్లీ నొక్కాడు.

ఆవిడ పక్కనే టార్చ్ పట్టుకు నిలబడింది.

స్విచ్ వేశాడు. చేతులు తుడుచుకునేలోపే తెర వెలిగింది. ఫొటోల పేజీ కన్నుమూసి తెరిచేంతలో విచ్చుకుంది.

"అబ్బ! మీ చేతుల్లో ఏముందండీ!" అంది ఆవిడ, ఆయన మోచెయ్యి పట్టుకుని.

"వాడికి ఫోన్ చేసి, ఇక రావద్దని చెప్పు" అన్నాడు ఆయన, ఛాతీ పొంగించి.

"అలాగే" అంది ఆవిడ బుద్ధిగా.

నెల తిరక్కుండా ప్రెస్సు యజమాని ఒకేసారి రెండు పుస్తకాలు పంపాడు. ఆవిడ కూనిరాగాలు తీస్తూ పని చేసుకుంటోంది. మెకానిక్ పీడ విరగడైందని ఆయన సోఫాలో నడుం వాల్చాడు.

అంతలో వాషింగ్ మెషిన్ గడగడలాడి ఆగిపోయింది.

"వచ్చేవారం చూద్దాంలే" అన్నాడు ఆయన కళ్లు మూసుకునే.

ఆవిడ ఈసారి కల్పించబోయే మెకానిక్‌కి మీసం పెట్టాలా వద్దా అని ఆలోచనలో పడింది.