గాలిమర దగ్గర ముగ్గురు

"పేరేమి?" అని వెంకటేశ్వరి నాలుగోసారి అడిగింది.

"చిట్టి" అంది పాప.

"నాయన పేరు?"

"సిద్ధయ్య."

"అమ్మ పేరు?"

పాప ఆమె మొహంలోకి చూసి, "వెంకటేశ్వరి" అంది మెల్లగా.

వెంకటేశ్వరి పాపను వెనక్కి తిప్పి గౌను గుండీలు పెట్టబోయింది. పై గుండీ అందలేదు. గౌను బిగుతయింది.

"సైనికులు అరబ్బీలో ఏమడిగినా నువ్వు తెలుగులోనే చెప్పాల. బొట్టు చెరుపుకోవద్దు" అన్నాడు సిద్ధయ్య.

పాప తలూపింది. ఏడేళ్ళ పిల్ల. కువైట్‌లోనే పుట్టి పెరిగింది. వెంకటేశ్వరి చేతి ముద్దలు తింటూ తెలుగు నేర్చింది గానీ, దాని నోటికి అరబ్బీయే సులువు.

ఇరాక్ సైన్యం దిగి నలభై రోజులు దాటింది. రాయచోటి నుంచి వచ్చిన సిద్ధయ్య జహ్రా ఊళ్ళో ఒక సైన్సు మ్యూజియంలో మెకానిక్కు. ఆ మ్యూజియం ఆవరణలో పాతకాలపు గాలిమర ఒకటుంది. ఒకప్పుడు తోటలకు బావి నీళ్ళు తోడిందట. ఇరవై ఏళ్ళు తుప్పుపట్టి పడివున్న దాన్ని మ్యూజియం ఇంజనీరూ సిద్ధయ్యా రెండేళ్ళు కష్టపడి మళ్ళీ తిప్పారు. శుక్రవారం వస్తే జనం పిల్లాపాపలతో వచ్చి, గాలికి రెక్కలు తిరగడం, తొట్టిలోకి నీళ్ళు దూకడం చూసిపోయేవాళ్ళు.

వెంకటేశ్వరి ఆ ఇంజనీరు ఇంట్లోనే పనిచేసేది. ఇంటావిడను అక్కడివాళ్ళ పద్ధతిలో, అమ్మా అన్నట్టు, మామా అని పిలిచేది. జూలైలో మామా జోర్డాను రాజధాని అమ్మాన్‌లోని పుట్టింటికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది. ఆగస్టు రెండోవారంలో, తిరుగుబాటు చేసేవాళ్ళకు సాయపడుతున్నాడని సైనికులు ఇంజనీరును మ్యూజియంలోంచే లాక్కుపోయారు. ఆ తర్వాత ఆయన్ను చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు ఆయన తాలూకు మనుషుల కోసం ఇల్లిల్లూ గాలిస్తున్నారు.

మ్యూజియంలో సామానంతా లారీలకెత్తి బాగ్దాదుకు పంపుతున్నారు. గాలిమర విప్పడం తెలిసినవాడు సిద్ధయ్య ఒక్కడే మిగిలాడు.

"అది విప్పి లారీకెక్కించు. నీ కుటుంబం వెళ్ళిపోవడానికి కాగితం ఇస్తాను. కానీ కాగితంలో పేరున్న ప్రతి ఒక్కరూ నా ముందు నిలబడాలి" అన్నాడు ఆ పని చేయిస్తున్న ఇరాక్ కెప్టెన్.

అందుకే ఆ శుక్రవారం ముగ్గురూ మ్యూజియానికి బయల్దేరారు.

లోపల అద్దాల బీరువాలు ఖాళీగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. గోడ మీద గ్రహాల పటం ఒక్కటే మిగిలింది. ఆవరణలోకి అడుగుపెట్టగానే పాప వెంకటేశ్వరి చెయ్యి విడిపించుకుని గాలిమర దగ్గరికి పరుగెత్తింది. తొట్టిలో రెండు చేతులూ ముంచి, తల పైకెత్తి తిరుగుతున్న రెక్కల్ని చూస్తూ నిలబడిపోయింది.

రేకుల పందిరి కింద కుర్చీ వేసుకున్న కెప్టెన్, బిడ్డ ఫొటో కూడా అంటించి ఉన్న వెంకటేశ్వరి పాస్‌పోర్టు తెరిచాడు.

"ఈ ఫొటోలో ఉన్నది చంటిపిల్ల కదా?"

"నెలల పిల్లప్పుడు తీయించింది సార్" అన్నాడు సిద్ధయ్య.

కెప్టెన్ పాపను దగ్గరికి పిలిచాడు. "నీ పేరేమిటి?"

"చిట్టి."

"ఈ చక్రాన్ని తిప్పింది ఎవరో తెలుసా?"

పాప గాలిమర మీదినుంచి చూపు తిప్పలేదు. "మా నాయన" అంది తెలుగులో.

"ఏమంటోంది?"

సిద్ధయ్య అరబ్బీలోకి మార్చి చెప్పాడు. "వాళ్ళ నాయన తిప్పినాడంటోంది సార్."

కెప్టెన్ నవ్వి వెంకటేశ్వరి వైపు తిరిగాడు. "నువ్వు ఆ ఇంజనీరు ఇంట్లో పనిచేశావట. ఇప్పుడా ఇంట్లో ఎవరున్నారు?"

వెంకటేశ్వరి పాప భుజం గట్టిగా పట్టుకుంది. "ఎవురూ లేరు సార్. తాళమేసుంది."

కెప్టెన్ కాగితం మీద సంతకం పెట్టాడు. "ఖలాస్, అయిపోయింది. పని మొదలుపెట్టు."

సిద్ధయ్య నిచ్చెన ఎక్కి చక్రాన్ని ఆపే గొలుసు బిగించాడు. చక్రం కిర్రుమని నాలుగు చుట్లు తిరిగి ఆగింది. తొట్టిలోకి పడే నీళ్ళు సన్నగిల్లి, చుక్కలై, అవీ ఆగిపోయాయి.

"వద్దు! ఆపొద్దు!" అని పాప ఒక్కసారిగా గొల్లుమంది.

కెప్టెన్ తలెత్తాడు. వెంకటేశ్వరి పాప మొహాన్ని తన కడుపుకు అదుముకుని, "నాయన ఆడినుంచి పడతాడని భయం సార్" అంది. చెబుతూనే తనూ ఏడ్చేసింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అక్కడే కూలబడ్డారు. సిద్ధయ్య కిందికి చూడకుండా ఒక్కొక్క రెక్కే విప్పుతూ పోయాడు.

మర్నాడు బస్సెక్కారు. బస్రా, బాగ్దాదు, ఎడతెగని ఎడారి. దారి పొడుగునా వెంకటేశ్వరి తన వంతు నీళ్ళు కూడా పాపకే తాపింది. పాప "అమ్మా" అన్నప్పుడల్లా మాత్రం ఉలిక్కిపడేది. తినిపించే చెయ్యి మధ్యలో ఆగిపోయేది.

"తమాయించుకో ఈశ్వరీ, బిడ్డ బెదురుకుంటాది" అనేవాడు సిద్ధయ్య.

"నా వల్ల కావట్లేదయ్యా."

ఐదో రోజున జోర్డాను చేరారు. గుడారాల మధ్య బల్ల వేసుకుని ఇండియా ఎంబసీ గుమాస్తా పేర్లు రాసుకుంటున్నాడు. నెల్లూరు మనిషి. తెలుగు వినగానే అతని మొహం విప్పారింది.

"సిద్ధయ్య, వెంకటేశ్వరి, చిట్టి. ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారు, అదృష్టవంతులు! బొంబాయి విమానంలో మూడు సీట్లు రాస్తున్నాను."

"రెండు చాలు సార్. చిట్టి పేరు కొట్టేయండి" అన్నాడు సిద్ధయ్య.

"అదేమిటయ్యా? పాప ఎదురుగానే ఉంది కదా!"

వెంకటేశ్వరి పాప నుదుటి మీద బొట్టును కొంగుతో మెల్లగా తుడిచింది.

"ఈ బిడ్డ మా ఇంజనీరు సారు కూతురు హుస్నా, వాళ్ళమ్మ ఈడనే అమ్మాన్‌లో ఉంది సార్" అంది. తర్వాత తనే మళ్ళీ చెప్పింది:

"మా చిట్టి జొరమొచ్చి కువైట్‌లోనే పోయింది."