బిలంలో కొత్త గడ్డి

“దులపకుండా ఎవర్ని వదిలేశావో చెప్పు పిన్నీ. పేరు చెబితే నీ ఉద్యోగం నీకుంటుంది.”

పరిశోధన కేంద్రం పెద్ద మేడమ్ బిలంలోంచి వేళ్లతో సహా పీకి తెచ్చిన గడ్డిమొక్కను బల్ల మీద పెట్టింది. దాని కంకి నిండా నూకంత గింజలు.



“నేనెవర్నీ వదల్లేదు మేడమ్.”

ఎప్పుడో ఉల్క పడి ఏర్పడిన బిలం అది. అడుగున ఉప్పునీటి మడుగు. ఒడ్డున ఇంకెక్కడా లేని ఊదాపూల మొక్క, ఆ మొక్క మీదే బతికే నీలి పురుగు, ఆ పురుగు కోసమే వచ్చే పిట్ట. బయటి గడ్డి ఒక్కసారి పాకిందంటే ఆ కాపురమంతా చెల్లాచెదురే. అందుకే అంచున తనిఖీ గది పెట్టారు. దిగేవాళ్ల జేబులు, బట్టల మడతలు, బూట్లు దులిపి పంపడం పిన్ని పని. ఇరవై ఏళ్లుగా చేత్తో సగం, నోటితో సగం దులుపుతోంది. అందరూ ఆమెను దులుపుడు పిన్ని అంటారు.

మేడమ్ ఏం చెప్పినా తు.చ. తప్పకుండా చేసింది. గదిలో తినొద్దంటే ఎండలో కూర్చుని తింది. నైలాన్ బ్రష్షు పోగులు ఊడి మడుగులో పడుతున్నాయంటే అది పారేసి, మేడమ్ తెప్పించిన మెత్తని చేతి చీపురు పట్టింది. కిటికీలో పెంచుకున్న మొక్కను తీసెయ్యమంటే కళ్లనీళ్లు పెట్టుకుని మరీ తీసేసింది.

అయినా తొలి వానలకు లోపల ఆరు పిలకలు కనిపించాయి. ఆ రోజు నుంచి పిన్నికి అన్నం సయించలేదు. ఒక్కొక్కరినీ మూడేసి సార్లు దులిపింది. ఇవాళ చూస్తే అరవై మూడు.

“అన్నీ కాలిబాట పక్కనే ఉన్నాయి. మనుషులే మోసుకెళ్లారు,” అంది మేడమ్. “గైడు మీ తమ్ముడేగా. చూసీచూడనట్టు పంపావా?”

“వాడి చెవుల వెనక కూడా చూస్తాను మేడమ్. అలిగి నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.”

“అయితే తాళాలు ఇచ్చెయ్.”

పిన్ని తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది. ఉద్యోగం పోయినందుకు కాదు, మాట పోయినందుకు ఏడుపొచ్చింది.

మిగిలిన గడ్డి పీకించడానికి మేడమ్ మెట్ల వైపు కదిలింది. పిన్ని అడ్డం నిలబడింది.

“తాళాలు తీసుకోండి. దులపకుండా మాత్రం పంపను.”

మేడమ్ విసుగ్గా పీట మీద కాలు పెట్టింది. పిన్ని కళ్లు తుడుచుకుని, కింద కూర్చుని దులిపింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

మేడమ్ కిందికి చూసింది. ఆ తర్వాత బల్ల మీది కంకిని చూసింది.

తను తెప్పించిన చీపురు ఆడిన ప్రతిసారీ, దాని కుచ్చులోంచి అచ్చం ఆ కంకికున్న గింజలే తన నల్లబూటు కుట్లలోకి రాలుతున్నాయి.