బిరిబోకు నచ్చిన సినిమా

“నా వంతు నీళ్లు కూడా నువ్వే తాగు బావా,” అని బిరిబో కళ్లు మూసుకున్నాడు. ఇంజను చెడిపోయి వాళ్లిద్దరి పడవ సముద్రంలో కొట్టుకుపోవడం మొదలై అది పదకొండో రోజు.

నిద్రపోతే ఇక లేవడని బావ రుతేరుకు భయం వేసింది. “ఒరే, నువ్వు చూసినవాటిల్లో అన్నిటికన్నా గొప్ప సినిమా ఏది?”

“మన దీవిలో వేశారే, సముద్రంలో తప్పిపోయినోడి కథ. అదే.”

“అదీ ఓ సినిమానా? నా కుంగ్‌ఫూ సినిమా ముందు దిగదుడుపే.”

“నీకు తన్నులాటలుంటే చాలు. ఇందులో వాడు చచ్చిపోతాడు బావా. మనలాగే.”

“ఎక్కడ చచ్చాడ్రా? సగంలో జనరేటరు ఆగిపోతే తిట్టుకుంటూ ఇళ్లకు పోయాం. చివర ఎవడు చూశాడు?”

బిరిబో కళ్లు తెరిచాడు. ఆ చావును ఇన్నేళ్లూ తానే ఊహించుకున్నాడు.

లేచి కూర్చుని, డబ్బా అందుకుని, పడవలో చేరిన నీళ్లు తోడి పోయసాగాడు.